ఆదిలక్ష్మి పేరు మీద ఉన్న కళ్ళు

గుంటూరు బస్టాండు

ఆ ఉదయం ఆరింటికి బస్టాండులో ఉన్నవి ఇవి: నేను, నా భుజాన ఒక సంచి. సంచిలో కంటి లోపలి బొమ్మ తీసే చేతి కెమెరా, దాని ఛార్జరు, ఒక నల్ల దుప్పటి, రెండు జతల బట్టలు, అట్టకి అంటించిన రెండు రంగు బొమ్మలు, ఒక కార్డు. కార్డు మీద పేరు ఆదిలక్ష్మి, వయసు నలభై ఆరు, చక్కెర 312, ఒక ఫోన్ నంబరు. ఊరి పేరు రాయాల్సిన గడిలో ‘మిరప కోతలు’ అని రాసి ఉంది.

నేను గుంటూరులో ఒక కంటి ఆసుపత్రిలో టెక్నీషియన్‌ని. మాది బొబ్బిలి వైపు. మార్చి నెలలో, కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు, పెదకాకానిలో కూలీల కోసం ఒక ఆదివారం శిబిరం పెట్టాం. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళందరికీ కంటి వెనక తెర బొమ్మలు తీశాం. మర్నాడు డాక్టరుగారు బొమ్మలు చూశాక, అందులో పదకొండు మందిని వెంటనే ఆసుపత్రికి రమ్మని కబురు పెట్టాం. పదిమంది వచ్చారు. రానిది ఆదిలక్ష్మి. కార్డు మీది నంబరుకి నాలుగుసార్లు ఫోన్ చేశాం. నాలుగుసార్లూ ఎవరో మగమనిషి ఎత్తి, చెప్తానండి అని పెట్టేశాడు.

బొమ్మల గురించి రెండు ముక్కలు చెప్పాలి. కంటి వెనక తెర నారింజ రంగులో ఉంటుంది. ఒక పక్కన పసుపుపచ్చని బిళ్ళ, అందులోంచి నాలుగు వైపులకీ కొమ్మల్లా పాకే రక్తనాళాలు. ఆ కొమ్మలు చీలే తీరు ఏ ఇద్దరికీ ఒకలా ఉండదు. చక్కెర ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే ఈ నాళాలు పాడవుతాయి. కొందరిలో వాటి పక్కన కొత్తవి, సన్నవి, గట్టిదనం లేనివి పుడతాయి. అవి ఒకరోజు చిట్లి, కన్ను రక్తంతో నిండిపోతుంది. అప్పటిదాకా నొప్పి ఉండదు, చూపు కూడా బాగానే ఉండవచ్చు. చక్కెర ఉన్నవాళ్ళు కళ్ళు బాగా కనిపిస్తున్నా సరే ఏడాదికోసారి ఈ బొమ్మ తీయించుకోవాలని మేము గొంతు నొప్పి పుట్టేదాకా చెప్పేది అందుకే. ఆదిలక్ష్మి కార్డుకున్న బొమ్మల్లో, రెండు కళ్ళలోనూ, ఆ సన్న నాళాలు పుట్టి ఉన్నాయి. మార్చిలో ఇంకా చిట్లలేదు. నేను బయల్దేరింది జులై చివర్లో.

ఆ నాలుగు నెలలూ ఆ రెండు బొమ్మలు నా బల్ల మీదే ఉన్నాయి. కుడి కంటిలో బిళ్ళకి పైన నాళం వెంటనే రెండుగా చీలుతుంది. చీలిన చోట చిన్న మెలిక. అది నాకు మా వీధి మలుపంత బాగా తెలుసు. ఆమె ముఖం మాత్రం తెలియదు. శిబిరం రోజు నేను బయట కరెంటు తీగలతో అవస్థ పడుతున్నాను. వెళ్ళి వెతుకుతానంటే డాక్టరుగారు మూడు రోజులు సెలవిచ్చి, కెమెరా కూడా చేతికిచ్చారు.

పెదకాకాని

పెదకాకాని గుడి ముందు నాకంటే ముందు ఒక కొత్త ట్రాక్టరు, రెండు ఆటోలు, ఒక కారు వచ్చి నిలబడ్డాయి. ఇక్కడ కొత్త బండి కొంటే ముందు గుడికి తెచ్చి పూజ చేయించాల్సిందే. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బండి కదిలిస్తారు. ట్రాక్టరు కింది నిమ్మకాయ చిట్లి రసం నా చొక్కా మీద పడింది. యజమాని నొచ్చుకుని కొబ్బరిచిప్ప ఇచ్చాడు.

పక్కన బండి మీద ఇడ్లీ ప్లేటు ముప్పై రూపాయలు. కారప్పొడి అడక్కుండానే వేస్తారు. మా వైపు పులుసులో కూడా బెల్లం ముక్క వేస్తారు కాబట్టి, ఈ ఊళ్ళకి వచ్చి ఆరేళ్ళయినా నా నాలుక ఇంకా కుదురుకోలేదు. కొంచెం తగ్గించమంటే బండి ఆవిడ, “అది కారం కాదు బాబూ, పొడి” అంది. నేను వాదించలేదు.

ఫోను ఎత్తే మగమనిషి ముఠామేస్త్రి కోటేశ్వరరావు. కోతల కాలంలో దక్షిణం వైపు పల్లెల నుంచి ఆడకూలీలను గుంపుగా తెచ్చి, షెడ్లలో ఉంచి, చేలకి పంపించేది ఆయనే. ఇల్లు గుడికి అర కిలోమీటరు. కార్డు చూపించగానే గుర్తుపట్టాడు. ముఠాలో ముప్పై ఎనిమిది మందికీ తన నంబరే రాయించానని, చాలామందికి సొంత ఫోన్లు లేవని చెప్పాడు. హాజరు పుస్తకం తెచ్చి పేరు మీద వేలు పెట్టాడు. శిబిరం రోజు ఆదిలక్ష్మి హాజరు. ముందు రోజూ హాజరు. మొత్తం కోతలకి ఒక్క రోజు కూడా నాగా లేదు.

“కబురు చెప్పకపోవడమేందండీ, చెప్పాను. వాళ్ళ ఊరోళ్ళతో చెప్పి పంపించాను. నా కళ్ళు శుభ్రంగా ఉన్నయ్యి, నాకేం రోగం అందంట. ఇంకేం చేస్తాం?”

నేను తల పట్టుకున్నాను. అప్పుడే ఒక పొరపాటు చేశాను. ఆయన వరండాలో విత్తనానికి దాచిన మిరపకాయల బస్తా మీద అప్పటిదాకా చెయ్యి ఆనించి ఉన్నాను. ఆ చేత్తోనే కళ్ళు నులుముకున్నాను. తరవాత పావుగంట సంగతి నాకు వినికిడి ద్వారానే తెలుసు. కోటేశ్వరరావు భార్య చెంబుతో నీళ్ళు కొడుతూ ఉంది, ఆయన పక్కన నిలబడి ఓదారుస్తున్నాడు.

“ఇది ఘాటండీ, రోగం కాదు. మా ముఠాలో అందరికీ కోతలయ్యేదాకా కళ్ళు మండుతూనే ఉంటయ్యి, మసకేస్తయ్యి. పాలచుక్క వేసుకుంటే రెండ్రోజులకి పోద్ది.”

ఆదిలక్ష్మి ఊరు పర్చూరు పక్కనని ఆయనే చెప్పాడు. ఎర్రటి కళ్ళతో పర్చూరు బస్సెక్కాను. కంటి ఆసుపత్రి వాడినని ఎవరికీ చెప్పుకోలేదు.

పర్చూరు దాటాక

గుంటూరు దాటి పెదనందిపాడు మీదుగా వెళ్ళే దారంతా నల్లరేగడి. ముందు రోజు వాన పడినట్టుంది, నేల ఇంకా చెమ్మగా ఉంది. పత్తి జానెడు ఎత్తు లేచింది. మిరప నారుమళ్ళ మీద పచ్చటి గుడ్డలు కప్పారు. కోల్డ్ స్టోరేజీలు వరసగా, కిటికీలు లేని పెద్ద గోడలు. లోపల చల్లగా పడుకున్న పాత పంట, బయట మళ్ళలో మొలకెత్తుతున్న కొత్త పంట. నా పక్క సీటు పెద్దాయన, పత్తా మిరపా ఏది వేయాలో తేలక వాళ్ళ ఊరు రెండు పార్టీలుగా చీలిపోయిందని చెప్పాడు. మీరే పార్టీ అంటే, భార్య పార్టీ అన్నాడు.

పర్చూరులో దిగి ఆటోలో ఇంకో ఆరు కిలోమీటర్లు. ఆదిలక్ష్మి పత్తిచేలో కలుపు తీతకి వెళ్ళింది. మధ్యాహ్నం దాకా ఆమె ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఒంటిగంటకి చెంగుతో ముఖం తుడుచుకుంటూ వచ్చింది. సన్నగా, పొడుగ్గా, గట్టి గొంతుతో. నేనెవరో చెప్పేలోపు, తిన్నావా అని అడిగింది. గోంగూర పచ్చడి, ఉల్లిపాయ, మజ్జిగ పెట్టింది. “నీ ముఖం చూసి కారం తీసేశాలే” అంది. తీసేసిన దాఖలా నా నోటికి తెలియలేదు.

నాలుగు నెలలుగా కలవాలనుకున్న మనిషి ఎదురుగా కూర్చుని అన్నం వడ్డిస్తుంటే, నాకు అడగాల్సినవి అడగాలనిపించలేదు. ఆమె నా వైపు చూస్తోంది, నేను మజ్జిగ వద్దని చెయ్యి అడ్డం పెడితే కనిపెడుతోంది, గోడ మీది బల్లిని తోలుతోంది. చూపు ఉంది. అది చాలనిపించింది.

భోజనం అయ్యాక లోపలి గదిలో తలుపులు మూసి, కిటికీకి నల్ల దుప్పటి కట్టాను. చీకట్లో కంటిపాప దానంతటదే పెద్దదవుతుంది, మందు చుక్కలు లేకుండానే బొమ్మ వస్తుంది. కుడి కన్ను తీశాను. తెర శుభ్రంగా ఉంది. ఒక్క చుక్క లేదు. ఎడమది తీశాను. అదీ శుభ్రమే. నాలుగు నెలల్లో వాటంతటవే మాయమయ్యాయా అని ఒక్క క్షణం, చదువుకున్నదంతా మరిచిపోయి, సంతోషపడ్డాను. తరవాత అట్ట తీసి పక్కన పెట్టుకున్నాను. కుడి కంటిలో బిళ్ళకి పైన నాళం చాలా దూరం తిన్నగా వెళ్ళి అప్పుడు చీలింది. మెలిక లేదు.

ఇవి ఆ కళ్ళు కావు.

“అమ్మా, శిబిరంలో ఈ మిషను ముందు కూర్చున్నది మీరేనా?”

“కాకానిలోనా? అప్పుడు నేనక్కడ ఎక్కడున్నాను బాబూ? మా అమ్మాయి కాన్పుకి ఒంగోలు పోతిని. పది రోజులు నా బదులు మా చెల్లెలు కోతకి పోయింది.”

ఇక్కడి పద్ధతి అప్పుడు తెలిసింది. ముఠాలో చేరినవాళ్ళు కోతల మధ్యలో మానేస్తే వాళ్ళ చోటు పోతుంది. మళ్ళీ ఏడు మేస్త్రి పిలవడు. అందుకని ఇంట్లోంచి ఎవరినో బదులు పంపుతారు. పుస్తకంలో పేరు మారదు. బదులు వచ్చిన మనిషి ఆ పేరుకే పలుకుతుంది, ఆ పేరు మీదే చెయ్యెత్తుతుంది. శిబిరంలో మేము హాజరు పుస్తకం చూసి పేర్లు పిలిచాం. ఆదిలక్ష్మి అని పిలిస్తే ఆదిలక్ష్మి బదులు లేచి వచ్చి కూర్చుంది. అందరికీ అది ఎంత మామూలంటే, మాకు చెప్పాలని మేస్త్రికి కూడా తట్టలేదు. మేము పంపిన కబురు మాత్రం సరిగ్గా, శ్రద్ధగా, అసలు ఆదిలక్ష్మికే చేరింది.

ఆమె అట్ట చేతిలోకి తీసుకుని చూసింది.

“అయితే ఈ కళ్ళు మా మాలకొండమ్మవి” అంది.

మాలకొండమ్మ సింగరాయకొండలో గుడి మెట్ల దగ్గర పూలు, తులసిమాలలు అమ్ముతుంది. భర్త లేడు, పిల్లలు లేరు. ఆదిలక్ష్మి ఫోన్ చేసింది. స్పీకరు పెట్టింది. అవతలి గొంతు నవ్వుతూ, ఎడమ కంట్లో రెండు నెలలుగా మబ్బు ఆడుతున్న మాట నిజమేనని, కోతల్లో పట్టిన ఘాటు ఇంకా దిగలేదని చెప్పింది. వెంటనే గుంటూరు రమ్మంటే, శ్రావణం వెళ్ళాక వస్తానంది. మార్చిలో గిరాకీ లేదు కాబట్టి పది రోజులు కోతకి వెళ్ళగలిగిందట, శ్రావణ శుక్రవారాలు వదిలి వస్తే మాత్రం మెట్ల దగ్గర చోటు ఇంకొకరు పట్టేస్తారంది.

ఆదిలక్ష్మి ఫోన్ పెట్టేసి ట్రంకుపెట్టె లోంచి చీర తీసింది. “అది ఫోన్లో వినే మనిషి కాదు. పద, నేనూ వస్తా.”

వాడరేవు

రైలుకి వెళ్దామన్నాను. ఆడవాళ్ళకి బస్సు ఉచితం, రైలు కాదు అంది. చీరాల బస్సులో నాకు టిక్కెట్టు, ఆమెకు ఉచిత టిక్కెట్టు. దాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుంది, ఎవరూ అడగరని చెప్పినా విప్పలేదు. చీరాలలో ఆమెకి దూరపు చుట్టాల ఇల్లు ఉంది, రాత్రికి అక్కడ తను, లాడ్జిలో నేను అనుకున్నాం. కానీ ముందు వాడరేవు వెళ్ళాలని పట్టుబట్టింది. చెల్లెలికి ఎండు నెత్తళ్ళు ఇష్టమట. నేను గడియారం చూసుకున్నాను. “నాలుగు నెలలు పోగొట్టిందాన్ని, ఉత్త చేతుల్తో ఎట్టా పోను?” అంది.

సాయంత్రం ఐదున్నర. పడవలు ఒడ్డుకి లాగి ఉన్నాయి. ఇసుక మీద వలలు పరిచి నెత్తళ్ళు ఎండబెట్టారు, దూరానికి వెండి కాగితంలా మెరుస్తున్నాయి. ఆదివారం కాకపోయినా నరసరావుపేట నుంచి రెండు కుటుంబాలు వచ్చి, పులిహోర డబ్బాలు విప్పుకుని కూర్చున్నాయి. ఆదిలక్ష్మి బేరమాడి అరకిలో నెత్తళ్ళు నూట ఇరవైకి కొంది. నూట యాభై చెప్పిన ఆవిడ, నువ్వు చేపలు కొంటున్నావా, పడవ కొంటున్నావా అని దెప్పింది.

కొన్నాక వెళ్ళి చీలమండల లోతు నీళ్ళలో నిలబడింది. సముద్రం ముప్పై కిలోమీటర్లే అయినా, చూసి పదకొండేళ్ళయిందట. నేనూ పక్కన నిలబడ్డాను. చెల్లెలి గురించి చెప్పింది. చిన్నప్పుడు ఇద్దరూ కల్లాల్లో మిరపకాయలు ఏరేవాళ్ళు. రంగు చెడి తెల్లబారిన తాలుకాయలని మంచివాటిలోంచి తీసెయ్యాలి. అక్క ఒక్కొక్క కాయా తిరగేసి చూసేది. చెల్లెలు రాశి పక్కన నిలబడి, కర్రతో, అదిగో, ఇదిగో అని చూపించేది. రైతులు వచ్చి మాలకొండమ్మ ఉంటేనే ఆదిలక్ష్మినీ పిలిచేవాళ్ళు.

“మా అందర్లోకీ దాని చూపే చూపు” అంది, సముద్రం వైపు చూస్తూనే.

మా అమ్మ సంగతి ఆమెకి చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. నేను కాలేజీలో ఉండగా అమ్మ రోజూ ఉదయం ఫోన్లో పేపరు శీర్షికలు చదివి వినిపించేది. ఒకసారి, ఈ పేపరువాళ్ళు సిరా తగ్గించేశారు అని విసుక్కుంది. పేపరు మార్పించాను. రెండు నెలలకి అదీ అలాగే ఉందంది. మూడోది వేయించాను. మూడు పేపర్లు మార్చాను, ఆవిడకి పన్నెండేళ్ళుగా చక్కెర ఉందని తెలిసీ, కళ్ళు చూపించాలని తట్టలేదు. అప్పటికి నేను చదువుతున్నది వైద్య పరికరాల ఇంజనీరింగే. తరవాత మూడేళ్ళు ఆవిడ బతికింది, ఆ మూడేళ్ళూ శీర్షికలు నేను చదివాను. నా దగ్గర అమ్మ ఫొటోలు పదిహేడు ఉన్నాయి. పెళ్ళిళ్ళలోవి, గృహప్రవేశంలోది, నాతో రైలుపెట్టెలోది. కంటి లోపలిది ఒక్కటి ఉంటే బాగుండును. ఇప్పుడు దానివల్ల ఏ ఉపయోగమూ లేదు. అయినా ఏ నాళం ఎక్కడ చీలుతుందో చూసుకునేవాడిని.

సింగరాయకొండ

మర్నాడు ఒంగోలులో బస్సు మారి పదిన్నరకి సింగరాయకొండ చేరాం. ఒంగోలు నుంచి గాలి మారుతుంది, వేడిగా, పొడిగా, చెవుల్లో ఈల వేస్తుంది. గుడి చిన్న కొండ మీద. మెట్ల పక్కన నాలుగు పూల బల్లలు. ఆషాఢం కాబట్టి జనం లేరు. మూడో బల్ల దగ్గర అక్క లాంటి ముఖమే, కొంచెం గుండ్రంగా ఉన్న ఆవిడ తులసిమాల కడుతోంది. వేళ్ళు వాటంతటవి ముడులు వేస్తున్నాయి, కళ్ళు దారి మీద ఉన్నాయి. కళ్ళతో పని లేకుండా జరిగే పని. ఒక కన్ను పోయినా చేతులు చెప్పవు.

“ఏందక్కా, చెప్పాపెట్టకుండా?” అని లేచింది. అక్క నెత్తళ్ళ పొట్లం చేతిలో పెట్టింది. గుడి మెట్ల కాడికి నీసు తెచ్చావా అని చెల్లెలు గబగబా దాన్ని బల్ల కింద దాచింది.

కొబ్బరికాయల కొట్టతను తన సామాను గది ఇచ్చాడు. దుప్పటి కట్టాను. కుడి కన్ను. బిళ్ళకి పైన నాళం వెంటనే రెండుగా చీలింది. చీలిన చోట చిన్న మెలిక. అట్ట పక్కన పెట్టి సరిచూసుకున్నాను. సన్న నాళాలు మార్చి కంటే ఎక్కువయ్యాయి, చిట్లలేదు. ఎడమ కన్ను మూడుసార్లు తీశాను. మూడుసార్లూ కెమెరా తెర మీద ముదురు ఎరుపు తప్ప ఏమీ రాలేదు. కుడి కన్ను మూసుకుని నన్ను చూడమన్నాను.

“ఏముంది నాయనా, సందేళ మాదిరి ఉంది” అంది.

బొమ్మలు డాక్టరుగారికి పంపాను. ఐదు నిమిషాలకి ఆయనే ఫోన్ చేశారు. కుడి కన్ను కూడా ఏ రోజైనా ఇలా కావచ్చు, వారం లోపు తీసుకురా అన్నారు.

ఆ మాటే ఆమెకి చెప్పాను. ఇది ఘాటు కాదని, ఘాటైతే రెండు కళ్ళూ మండి రెండు రోజుల్లో తగ్గుతుందని, ఇది లోపల కారిన రక్తమని, రెండో కన్ను ఆపగలమని, శ్రావణం దాకా ఆగితే ఆపలేకపోవచ్చని. ఆమె శ్రద్ధగా విని, అన్నిటికీ తలూపి, శ్రావణం వెళ్ళాక వస్తానంది. నిరుడు పక్క బల్ల ఆవిడ కాలు విరిగి నెల రోజులు రాకపోతే, ఆ బల్ల ఇప్పటికీ ఇంకొకరి చేతిలోనే ఉందట. పద్నాలుగేళ్ళుగా కూర్చుంటున్న చోటు. అది పోతే తనకి ఇంకేమీ లేదు.

కెమెరా సంచిలో పెట్టుకుంటున్నాను. అప్పటిదాకా మెట్టు మీద కూర్చుని ఉన్న ఆదిలక్ష్మి లేచి బల్ల వెనక్కి వెళ్ళి కూర్చుంది.

“నా బదులు నువ్వు కోతకి పోయావు. నీ బదులు నేనిక్కడ కూర్చుంటా. నువ్వొచ్చిందాకా ఎవరన్నా అడిగితే నేనే మాలకొండమ్మని.”

“నీకు మాల కట్టడం వచ్చా?”

“రాదు.”

“ఆ మిరపకాయల చేతుల్తో కట్టిన తులసి వేస్తే సామికి ఒళ్ళు మంట పుట్టదా?”

“పుడితే నీ పేరు చెబుతాలే.”

చెల్లెలు నవ్వింది. నవ్వుతూనే చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత ముడి వేయడం ఎలాగో అక్కకి రెండుసార్లు చూపించింది. రెండు గంటలకి నాతో పాటు ఒంగోలు బస్సెక్కింది. ఎండు నెత్తళ్ళు బల్ల కిందే మర్చిపోయింది.

మళ్ళీ గుంటూరు

సన్న నాళాలు ఎండిపోవడానికి కుడి కంటి తెర మీద చుక్కలు చుక్కలుగా లేజరు మూడు విడతల్లో వేశారు, వారానికొకటి చొప్పున. ఆ రెండు వారాలూ మాలకొండమ్మ ఆసుపత్రి ధర్మశాలలో ఉండి, సాయంత్రాలు వరండాలో కూర్చునేది. చక్కెర మందు రోజూ వేసుకుంటోంది. శ్రావణం మొదటి శుక్రవారం అక్క ఫోన్ చేసి మాలలన్నీ అమ్ముడయ్యాయని, సగం విప్పుకుపోయాయని, తిట్లు మాలకొండమ్మకే పడ్డాయని చెప్పింది.

ఎడమ కంటికి ఆపరేషన్ చేసినా చూపు రాదన్నారు. లోపలి తెర మధ్యలోనే ఊడి ఉంది.

మూడో విడత రోజు ఆమె నన్ను అడిగింది. “ఆ రోజు నా పేరు నేను చెప్పుంటే రెండూ ఉండేవా బాబూ?”

అబద్ధం చెప్పాలని అనుకున్నాను.

“ఉండేవమ్మా. అడగాల్సింది మేము.”

అడిగితే చెప్పేదాన్నే అందామె.

ఇప్పుడు మా శిబిరాల కార్డులో పేరు కింద ఇంకో గడి ఉంది: ఈరోజు ఎవరి బదులైనా వచ్చారా. పుస్తకం చూసి పిలవడం మానేశాం, ఎదురుగా కూర్చున్నవాళ్ళనే పేరు అడుగుతున్నాం. మాలకొండమ్మ సొంత పేరు మీద కొత్త కార్డు నేనే రాశాను. చికిత్స గడిలో లేజరు చుక్కల లెక్క వేయాలి. కుడి కన్ను: 1,486. ఎడమ కన్ను: 0.